మీ వేళ్లకు సరిపోయే తెలుగు కీబోర్డు లేఅవుట్‌ను మీరే తయారు చేసుకోవడం ఎలా?

బెంగళూరులో తెలుగు టైపు చేసేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి కొట్టి వేళ్లు లాగేస్తున్నాయి, ఇంకో దారి ఉందా?" "ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకుందామంటే ఎడమ చేయి ఎందుకు అంత త్వరగా అలసిపోతుంది?" "ఆఫీసులో ఇంగ్లీషు, అపార్ట్‌మెంట్ నోటీసులకు కన్నడ, ఇంటికి తెలుగు. మూడింటికీ మూడు లేఅవుట్లు గుర్తుపెట్టుకోవాలా?" ఈ మూడింటికీ జవాబు ఇక్కడ ఉంది. లేఅవుట్ అంటే ఏ కీ మీద ఏ అక్షరం ఉండాలన్న ఏర్పాటు. ప్రోగ్రామింగ్ రాకపోయినా చేయొచ్చు. ఒక వారాంతం పెట్టుకోండి.

ఒక్క మాట ముందే చెప్తాను. కొత్త లేఅవుట్‌ను సున్నా నుంచి మొదలుపెట్టకండి. ఉన్న ఇన్‌స్క్రిప్ట్‌ను (భారతీయ భాషలకు ప్రభుత్వం పెట్టిన ప్రామాణిక లేఅవుట్) తీసుకుని, అందులో తెలుగును ఇబ్బంది పెట్టే నాలుగైదు అక్షరాలను మాత్రమే కదపండి. అంతా మార్చిన లేఅవుట్ కాగితం మీద ఎంత బాగున్నా, నెల తిరక్కుండానే పక్కన పడేస్తారు. నాలుగు మార్పులైతే వేళ్లు ఒప్పుకుంటాయి.

కావలసినవి

- మీరే రాసిన తెలుగు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ కంప్యూటర్లో ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) టెక్స్ట్. మెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, కథలు ఏవైనా సరే. కనీసం పది వేల మాటలు ఉంటే మంచిది.
- కీబోర్డు బొమ్మ ప్రింట్లు రెండు మూడు, పెన్సిలు, రబ్బరు.
- లేఅవుట్ తయారు చేసే సాఫ్ట్‌వేర్. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్, మ్యాక్‌కు యుకెలెలే (Ukelele), అన్నింటికీ పనికొచ్చేది కావాలంటే కీమ్యాన్ డెవలపర్. మూడూ ఉచితమే.
- కంప్యూటర్‌లో అడ్మిన్ అనుమతి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో ఇది సాధారణంగా ఉండదు. ఐటీ టీమ్‌ను అడగకుండా ఆఫీసు మెషీన్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. సొంత కంప్యూటర్‌లో చేసుకోండి.

స్ప్లిట్ కీబోర్డు, ఖరీదైన మెకానికల్ కీబోర్డు అవసరం లేదు. కొనాలనే ఉంటే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ అయిన ఎస్పీ రోడ్డుకు వెళ్లి చేత్తో నొక్కి చూసి కొనండి, కానీ లేఅవుట్ కుదిరాకే. కీబోర్డులోనే కోల్‌మాక్, డ్వొరాక్ లాంటివి (మామూలు క్వెర్టీకి బదులు వాడే ఇంగ్లీషు లేఅవుట్లు) పెట్టుకున్నవాళ్లకు ఒక హెచ్చరిక. తెలుగు లేఅవుట్ కంప్యూటర్‌లో ఉంటుంది కాబట్టి, కీబోర్డు ముందే స్థానాలు మార్చి పంపితే తెలుగు అక్షరాలన్నీ చెల్లాచెదురవుతాయి. తెలుగు కొట్టేటప్పుడు కీబోర్డును మామూలు క్వెర్టీకి మార్చే ఒక మీట పెట్టుకోండి.

1. ఇన్‌స్క్రిప్ట్ ఎలా కూర్చారో చూడండి

భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో దీన్ని ప్రమాణంగా పెట్టింది. తర్వాత 1991లో వచ్చిన ఐఎస్ 13194 ప్రమాణంలోనూ ఇది చేరింది. ఆలోచన చాలా మంచిది. గుణింతం గుర్తులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. తెలుగులో హల్లు, గుర్తు, హల్లు, గుర్తు అని వస్తాయి కాబట్టి చేతులు మార్చి మార్చి పడతాయి. "కిటికీ" కొట్టి చూడండి, కుడి, ఎడమ, కుడి, ఎడమ అని హాయిగా సాగుతుంది.

ఇప్పుడు "నేను నిన్ననే విన్నాను" అని కొట్టండి. వాక్యం మొత్తం ఎడమ చేత్తోనే అయిపోతుంది! కుడి చేయి ఖాళీగా కూర్చుంటుంది. ఎందుకంటే మ, న, వ అనే మూడు హల్లులు ఎడమ చేతి కింది వరుసలో, సీ, వీ, బీ కీల మీద ఉన్నాయి. గుడి ఎఫ్ మీద, కొమ్ము జీ మీద, వాటి దీర్ఘాలు ఆర్, టీ మీద. న, వ, గుడి, కొమ్ము, వాటి దీర్ఘాలు అన్నీ ఒక్క ఎడమ చూపుడువేలి వాటాకే వచ్చాయి. అంటే ని, ను, నీ, నూ, వి, వు కొట్టిన ప్రతిసారీ అదే వేలు రెండుసార్లు దూకాలి. తెలుగులో "ను", "ని" లేని వాక్యం దొరకడమే కష్టం. మీ ఎడమ చేయి అలసిపోవడానికి అసలు కారణం ఇదే.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో బాధ వేరు. "కొట్టాడు" అనాలంటే ట, ట, డ మూడింటికీ పెద్ద అక్షరాలు కావాలి, దీర్ఘానికి ఇంకో అక్షరమో పెద్ద అక్షరమో కావాలి. ప్రతి అచ్చుకూ ఒక నొక్కు, "క"లో ఉన్న అకారానికి కూడా. ఇన్‌స్క్రిప్ట్‌లో "కమల" మూడే నొక్కులు.

2. మీ టెక్స్ట్‌లో ఏవి ఎక్కువో లెక్కపెట్టండి

పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే అందులోని కౌంటర్‌తో రెండు నిమిషాల పని. ఒక లెక్క ఒంటి అక్షరాలకు, ఇంకో లెక్క వరుసగా వచ్చే జంటలకు. రాకపోతే వర్డ్‌లో "ని", "ను", "న్న", "వి", "లు", "ంది" లాంటి వాటిని ఒక్కొక్కటిగా వెతకండి. ఎన్ని దొరికాయో అదే చూపిస్తుంది. ముప్పై నలభై జంటలు చాలు.

లెక్క యూనికోడ్ అక్షరాల వారీగా ఉండాలి, కంటికి కనిపించే అక్షరాల వారీగా కాదు. "స్త్రీ" కంటికి ఒక్కటే, వేళ్లకు మాత్రం ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మనకు కావలసింది వేళ్ల లెక్క.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, తెలుగు వికీపీడియా మొత్తం దించుకుని దాన్ని లెక్కపెట్టడం. అందులో ఊళ్ల గురించిన వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. చాలావరకు ఒకే మూసలో, గ్రామం, మండలం, జిల్లా, కిలోమీటర్ల దూరం అంటూ సాగుతాయి. ఆ లెక్కతో తయారైన లేఅవుట్ జనాభా లెక్కల రిపోర్టు కొట్టడానికి బాగుంటుంది, అమ్మకు ఉత్తరం రాయడానికి కాదు. మీరు ఏం రాస్తారో దాన్నే లెక్కపెట్టండి.

ఎవరి టెక్స్ట్ అయినా కొన్ని విషయాలు మారవు. దీర్ఘం, గుడి, కొమ్ము, పొల్లు, సున్న బాగా ఎక్కువగా వస్తాయి. హల్లుల్లో ర, న, ల, క, త, వ, మ లాంటివి ముందుంటాయి. ఝ, ఛ, ఠ, ఢ, ఙ, ఞ ఎక్కడో ఒకటి. మీ లెక్క దీనికి బాగా దూరంగా ఉంటే టెక్స్ట్‌లో ఏదో తేడా ఉందని అర్థం.

3. కాగితం మీద మార్పులు వేయండి

నేను సూచించే మార్పులు ఇవి. మీ లెక్క ఒప్పుకుంటేనే చేయండి.

ఎడమ చేతి మధ్య వరుస ముందు. ఇన్‌స్క్రిప్ట్‌లో అక్కడ వరుసగా ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము ఉన్నాయి. ఓత్వం అంత తరచుగా రాదు, దానికి అంత మంచి చోటు దండగ. అస్తమానం వచ్చే దీర్ఘమేమో పై వరుసలో ఈ (E) కీ మీద, సున్న కింది వరుసలో ఎక్స్ కీ మీద, ఉంగరపు వేలి కింద ఉన్నాయి. కాబట్టి:

- దీర్ఘం ఎస్ మీదికి, ఏత్వం ఈ (E) మీదికి.
- సున్న ఏ (A) మీదికి, ఓత్వం ఎక్స్ మీదికి.

ఇప్పుడు ఏ నుంచి జీ వరకు సున్న, దీర్ఘం, పొల్లు, గుడి, కొమ్ము. ఎక్కువగా వాడే ఐదు గుర్తులూ వేళ్ల కిందే ఉన్నాయి.

తర్వాత హల్లులు:

- నను యూ మీదికి, హను వీ మీదికి.
- వను వై మీదికి, బను బీ మీదికి. బీ కీ మీద బ ఉండటం గుర్తుకూ సుళువే.

షిఫ్ట్‌లో ఉన్న జోడీని కూడా దానితోనే తీసుకెళ్లండి. బ కదిలితే భ, దీర్ఘం కదిలితే ఆ. లేకపోతే ఒక అక్షరం ఒకచోట, దాని ఒత్తక్షరం ఇంకోచోట పడి, ఎన్నాళ్లు వాడినా అలవాటు కాదు.

ఇప్పుడు "నేను నిన్ననే విన్నాను" మళ్లీ వేళ్లతో కొట్టి చూడండి. "నన" దగ్గర తప్ప ప్రతి నొక్కూ చేయి మారుతుంది.

దీని ఖరీదు కూడా ఉంది. బ ఇప్పుడు ఎడమ చూపుడువేలికి వచ్చింది కాబట్టి "డబ్బు", "బుద్ధి" కాస్త కష్టమవుతాయి. వ కంటే బ తక్కువగా వస్తుంది కాబట్టి నా లెక్కలో ఇది లాభసాటి బేరమే. మీరు వడ్డీ వ్యాపారం గురించి రాసేవాళ్లైతే మళ్లీ ఆలోచించండి, నిజంగానే!

మ విషయంలో ఆగండి. "అమ్మ"లో మ్మ కొట్టాలంటే సీ, డీ, సీ. మూడూ మధ్యవేలే. దాన్ని సతో మార్చుకుందామని అందరికీ అనిపిస్తుంది, ఎమ్ కీ మీద మ ఉంటుంది కదా అని. కానీ స్త, స్థ, స్ప, స్వ, స్ట జంటలన్నీ వెంటనే మధ్యవేలి మీద పడతాయి. వచ్చేదాని కంటే పోయేదే ఎక్కువ. మను ఉన్నచోటే ఉంచి, మ్మ వచ్చినప్పుడు సీ కీని చూపుడువేలితో కొట్టడం అలవాటు చేసుకోండి.

ఇంకో ఆశ కూడా అదుపులో పెట్టుకోవాలి. చెన్నైలో ఉండే మనవాళ్లు తమిళ్99 అనే తమిళ కీబోర్డు లేఅవుట్ చూసి అడుగుతుంటారు: "ఒకే హల్లు రెండుసార్లు కొడితే పొల్లు దానంతటదే వస్తుంది, తెలుగుకూ పెడితే?" తమిళానికి అది చక్కగా కుదిరింది. తెలుగులో "నన్ను", "పిల్లల", "కలలు", "మమత" ఉన్నాయి. అదే హల్లు పొల్లు లేకుండా పక్కపక్కన రావడం మనకు మామూలు. ప్రతిసారీ ఆ కలయికను విడగొట్టే ఇంకో నొక్కు కావాలి. పెట్టకండి.

4. సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించండి

*సులభమైన దారి.* విండోస్‌లో ముందు తెలుగు కీబోర్డు జోడించండి. లేఅవుట్ క్రియేటర్ తెరిచి, ఉన్న కీబోర్డును లోడ్ చేసే ఆప్షన్‌తో దాన్ని తెచ్చుకోండి. ఖాళీ కీబోర్డుతో మొదలుపెడితే ఏదో ఒక అక్షరం తప్పకుండా మరిచిపోతారు. కీలు మార్చండి, షిఫ్ట్ పొరలోనూ మార్చండి. లేఅవుట్‌కు పెట్టే చిన్న పేరు ఇంగ్లీషులో 8 అక్షరాలు దాటకూడదు. సెటప్ ఫైలు తయారు చేసి ఇన్‌స్టాల్ చేయండి. కనిపించకపోతే ఒకసారి సైన్ అవుట్ అయి రండి.

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మార్పు చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాతదే వస్తోందని కంగారు పడతారు. పాత వెర్షన్‌ను ముందు తీసేయాలి, లేదా కొత్తదానికి వేరే పేరు పెట్టాలి. నేనైతే ప్రతి వెర్షన్‌కూ పేరు చివర ఒక అంకె వేయమంటాను.

*మంచి దారి.* కీమ్యాన్ డెవలపర్ విండోస్‌లో నడుస్తుంది, దానితో తయారైన కీబోర్డు మాత్రం విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నింటిలో పనిచేస్తుంది. దాని గొప్పతనమేమంటే, ముందు ఏ అక్షరం ఉందో చూసి ఏం రావాలో నిర్ణయించగలదు. తెలుగుకు ఇది వరం లాంటిది. ఈ మూడు నియమాలు పెట్టుకోండి:

- గుణింతం గుర్తు కీ నొక్కినప్పుడు ముందు హల్లు ఉంటే గుర్తు రావాలి, లేకపోతే పూర్తి అచ్చు రావాలి. మాట మొదట్లో ఎస్ కొడితే ఆ, క తర్వాత కొడితే కా. "ఐఏఎస్", "లేఅవుట్" లాంటివి కూడా షిఫ్ట్ లేకుండా వస్తాయి.
- డీ కీ హల్లు తర్వాత పొల్లు ఇవ్వాలి, మిగతాచోట్ల అ. పొల్లుతో ఏ మాటా మొదలవదు కాబట్టి ఆ చోటు ఊరికే ఖాళీగా ఉంది.
- పొల్లు తర్వాత మళ్లీ డీ కొడితే, కంటికి కనబడని విడదీత అక్షరం రావాలి. యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "సాఫ్ట్‌వేర్", "ఫేస్‌బుక్", "రాజ్‌కుమార్" లాంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపేది ఇదే. బెంగళూరులో మన రాతలో ఇలాంటి మాటలకు కొదవ లేదు.

షిఫ్ట్‌తో పూర్తి అచ్చులు వచ్చే పాత ఏర్పాటును తీసేయకండి. కొన్ని అప్లికేషన్లలో మాట మధ్యలో క్లిక్ చేసి దిద్దేటప్పుడు ముందున్న అక్షరం ఏదో కీమ్యాన్‌కు తెలియదు. అప్పుడు షిఫ్టే దిక్కు.

లినక్స్‌లో ఎక్స్‌కేబీ ఫైలు (అక్కడ కీబోర్డు లేఅవుట్‌ను నిర్ణయించేది) దిద్దుకోవడం కూడా కుదురుతుంది. కాకపోతే అందులో ఇలాంటి నియమాలు పెట్టలేరు, ఒక నొక్కుకు ఒక అక్షరమే.

ఫోన్‌కు ఈ లేఅవుట్‌ను యథాతథంగా ఎక్కించకండి. ఇక్కడ లెక్కంతా పది వేళ్లది, ఫోన్‌లో పనిచేసేవి రెండు బొటనవేళ్లు.

5. సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించండి

స్పీడు సంగతి తర్వాత. ముందు అక్షరాలు సరైనవేనా చూడాలి. ఈ మాటలు కొట్టండి:

స్త్రీ, రాష్ట్రం, సంస్కృతి, ఋషి, కృషి, దుఃఖం, జ్ఞానం, లక్ష్మి, ఖడ్గం, ఝరి, ఛాయ, పాఠం, ఆషాఢం, మైత్రి, గౌరవం, కొండ, కోడి, చెట్టు, చేను, ఇళ్లు, శ్రీశైలం, సాఫ్ట్‌వేర్.

వీటిలో మూడు చోట్ల ప్రత్యేకంగా చూడండి.

"దుఃఖం"లో ఉన్నది విసర్గేనా, లేక ఇంగ్లీషు కోలనా? ఇన్‌స్క్రిప్ట్‌లో విసర్గ షిఫ్ట్‌తో కలిపి మైనస్ కీ మీద ఉంటుంది. అది దొరక్క జనం కోలన్ పెట్టేస్తారు. చూపుకు ఒకటే, కంప్యూటర్‌కు మాత్రం అది ముక్కలైన మాట.

"మైత్రి"లో ఐత్వం ఒకే అక్షరంగా ఉండాలి. ఎత్వం కొట్టి దాని కింద చిన్న గుర్తు వేరుగా తగిలించినా తెర మీద అచ్చం అలాగే కనిపిస్తుంది. యూనికోడ్‌లో ఆ చిన్న గుర్తుకు విడిగా చోటు ఉంది, పొరపాటున దాన్ని కీ మీద పెట్టేవాళ్లున్నారు. పెట్టకండి.

సున్న నిజంగా తెలుగు సున్నేనా, లేక అంకె సున్నానా? పాత డీటీపీ అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త.

ఇవన్నీ కంటితో తేలవు. తేల్చే పద్ధతి ఒకటుంది. పై జాబితాను ఫోన్‌లో జీబోర్డ్‌తో (గూగుల్ కీబోర్డు) కొట్టి మీకే మెయిల్ చేసుకోండి. కంప్యూటర్‌లో ఆ మెయిల్ తెరిచి, కంట్రోల్ ఎఫ్ నొక్కి, మీ కొత్త లేఅవుట్‌తో ఒక్కో మాటా వెతకండి. దొరికితే చాలావరకు అక్షరాలు సరైనవే. దొరకనిచోట మీ లేఅవుట్‌లో తప్పుంది. "సాఫ్ట్‌వేర్" ఒక్కటి దొరకకపోతే ముందు ఆ విడదీత అక్షరం సంగతి చూడండి, ఒకవైపు ఉండి ఇంకోవైపు లేకపోవచ్చు.

విరామ చిహ్నాలు కూడా చూడండి. ప్రశ్నార్థకం కోసమో, కొటేషన్ల కోసమో ఇంగ్లీషు కీబోర్డుకు మారాల్సి వస్తుంటే లేఅవుట్ పూర్తి కానట్టే. అంకెలు మామూలు 1, 2, 3 గానే ఉంచండి. తెలుగు అంకెలు కావాలంటే కుడివైపు ఆల్ట్ కీ పొరలో పెట్టుకోండి.

6. వేళ్లకు నేర్పండి

రోజుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. కీబోర్డు వైపు చూడకండి. కీల మీద స్టిక్కర్లు అతికిస్తే కళ్లు అక్కడే ఉండిపోతాయి. లేఅవుట్ బొమ్మను ప్రింట్ తీసి తెర పక్కన పెట్టుకోండి.

ముందు గుర్తుల ఐదు కీలతో క గుణింతం కొట్టండి, తర్వాత న, వ, తర్వాత మామూలు వాక్యాలు. మొదట్లో పాత స్పీడుకు సగం కూడా రాదు. ఆ సమయంలో అర్జెంటు పని ఉంటే పాత పద్ధతిలోనే చేసుకోండి, టెన్షన్ పడి రెండూ కలిపేయొద్దు. నేర్చుకుంటున్నన్నాళ్లూ లేఅవుట్‌లో ఏమీ మార్చకండి. "ఈ అక్షరం ఇంకోచోట ఉంటే బాగుండేది" అని రోజూ అనిపిస్తుంది. ఒక కాగితం మీద రాసిపెట్టండి. నెల తర్వాత చూస్తే అందులో సగం ఫిర్యాదులు అలవాటుతో పోయి ఉంటాయి. మిగిలినవి నిజమైనవి, వాటినే దిద్దండి.

స్పీడుతోపాటు ఏ వేలు ఎక్కడ తడబడుతోందో చూడండి. ఒకే జంట దగ్గర పదే పదే తప్పు వస్తుంటే సాధారణంగా ఆ రెండు కీలూ ఒకే వేలివి అయి ఉంటాయి.

మణికట్టులో తిమ్మిరి, వేళ్లలో మొద్దుబారడం ఉంటే లేఅవుట్ మార్చి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. కుర్చీ ఎత్తు తప్పుగా ఉంటే ఏ లేఅవుటూ ఆదుకోదు. మోచేయి, మణికట్టు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి, మణికట్టు పైకి వంగకూడదు.

7. కన్నడకు కూడా కావాలంటే

బెంగళూరులో ఉంటున్నాం కాబట్టి ఇది ఉపయోగపడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు క ఏ కీ మీద ఉందో కన్నడ క కూడా అదే కీ మీద ఉంటుంది. పైగా యూనికోడ్‌లో రెండు లిపులూ ఒకే వరుసలో పేర్చి ఉన్నాయి. తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే అదే కన్నడ అక్షరం వస్తుంది. కాబట్టి తెలుగు లేఅవుట్ ఫైలు నకలు తీసి, ప్రతి తెలుగు అక్షరానికీ 128 కలిపితే కన్నడ లేఅవుట్ సిద్ధం. వేళ్లు కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు.

ఒక్క అక్షరం దగ్గర మాత్రం ఆగాలి, ళ. తెలుగులో అది తక్కువ, షిఫ్ట్‌లో ల వెనక ఉన్నా ఇబ్బంది లేదు. కన్నడలో బహువచనం చాలావరకు దాని మీదే నడుస్తుంది: మనెగళు, మక్కళు, పుస్తకగళు. అలాంటి ప్రతి బహువచనానికీ షిఫ్ట్ నొక్కడం చిటికెనవేలికి శిక్ష. కన్నడ ఫైలులో ళను షిఫ్ట్ లేని చోటికి తేవాలి. నేను సూచించేది వీ కీ. అక్కడున్న హను ల కీ షిఫ్ట్ మీదికి పంపకండి, కన్నడలో హకూ గిరాకీ ఎక్కువే: హళ్ళి, హణ, హోగు. షిఫ్ట్ లేని కీలలో ఖాళీ ఏముందో చూసుకుని దాన్ని అక్కడ పెట్టండి. ఖాళీ లేకపోతే, తక్కువగా వచ్చే ఔత్వాన్ని షిఫ్ట్‌లోకి పంపి ఆ క్యూ కీని హకు ఇవ్వండి. కన్నడ బాగా రాసే పొరుగువారి దగ్గర రెండు పేజీల టెక్స్ట్ తీసుకుని రెండో అంచెలో చెప్పినట్టు లెక్కపెట్టి, ఆ తర్వాతే ఖాయం చేయండి.

చివరగా, లేఅవుట్ సోర్స్ ఫైలును, సెటప్ ఫైలును విడివిడిగా డ్రైవ్‌లో దాచుకోండి. సెటప్ ఫైలు ఒక్కటే ఉంటే కంప్యూటర్ మారినప్పుడు ఇన్‌స్టాల్ చేయగలరు కానీ సులువుగా దిద్దలేరు. లేఅవుట్ బొమ్మ ప్రింట్ మీద వెర్షన్ అంకె, తేదీ రాసి ఉంచండి.